దొరల కాలమే నయమట!



చాలా రోజుల తరువాత ఈ టపా రాస్తున్నాను. రాయక తప్పని పరిస్థితి ఒకటి ఏర్పడింది. మొన్న సాయంకాలం కోయిలకుంట్లలో మేము నలుగురం, వయసు మళ్ళినవాళ్ళం, అలవాటు ప్రకారం టీ అంగడి ముందున్న బల్లమీద చేరాము. మాలో ఒకాయన రైతు, నాకన్న నాలుగేండ్లు పెద్ద. పొలం కొడుకు పేరున ఎక్కించడానికి ఒక కార్యాలయం మెట్లు ఏడుసార్లు ఎక్కి దిగి, విసిగి వేసారి వచ్చినాడు. టీ గ్లాసు బల్లమీద పెట్టి, "ఏం సార్, ఈ మనోళ్ళ రాజ్యం కన్నా ఆ తెల్లదొరల కాలమే నయం. మాటంటే మాట, పనంటే పని" అన్నాడు. తక్కిన ఇద్దరూ "అదీ నిజమేలే" అని తలలూపారు.

ఆ పూట నేను మారు పలకలేదు. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి, నోరులేనివాణ్ణి కాను. కానీ విసిగి ఉన్న మనిషితో వాదించడం పుండుమీద కారం చల్లడమే అవుతుంది. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం నిద్ర పట్టలేదు. ఆ మాట అన్నది ఎవరు? మా నలుగురిలో ఒక్కరమూ 1947కు ముందు పుట్టినవాళ్ళం కాము. తెల్లదొరను కళ్ళారా చూసినవాడు మాలో లేడు. ఏ ఊళ్ళో కూర్చుని అన్నాడు? కోయిలకుంట్లలో! ఈ మాట వేరే ఏ ఊళ్ళో అన్నా వినీవిననట్టు ఊరుకుందును. ఈ ఊళ్ళో అంటే ఊరుకోవడం నావల్ల కాదు.

ఇక విషయానికి వస్తాను.

సినిమా వచ్చిన తరువాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు తెలియని తెలుగువాడు లేడు. 2019కి ముందు మా తాలూకా దాటితే ఆ పేరు పాటల్లోనే బతికింది. ఆయన తిరగబడ్డది 1846 జూలైలో. పాలెగాళ్ళ వంశాలకు కంపెనీ విదిల్చే తవర్జీ విషయంలో జరిగిన అవమానమూ, కట్టుబడి బంట్రోతుల మాన్యాలు ఊడబెరకడమూ అందుకు కారణాలు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. అక్టోబరులో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఈ ఊళ్ళోనే బహిరంగంగా ఉరి తీశారు. జుర్రేరు ఒడ్డున అని మా పెద్దలు ఇప్పటికీ చోటు చూపిస్తారు.

ఉరి తీయడంతో దొరల కోపం చల్లారలేదు. ఆ తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. ఎన్నాళ్ళు? 1877 దాకా. ముప్పై ఏండ్లు! ఒక తరం పిల్లలు ఆ తల కింద పుట్టి, ఆ తల కింద పెరిగి, ఆ తల కిందుగా పెండ్లి ఊరేగింపులు తీసుకుని పోయినారు. "మాటంటే మాట" అన్నాడే నా మిత్రుడు, నిజమే. దొర చెప్పిన మాటను ఊరికి ముప్పై ఏండ్లపాటు అలా గుర్తుచేశాడు.

ఆ 1877 ఏ సంవత్సరమో తెలుసునా? ధాత కరువు నడిమి ఏడు. 1876లో వానలు ఎగ్గొట్టి, 1878 దాకా మద్రాసు రాజధాని అంతటినీ కరువు కాల్చివేసింది. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ జనం దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. మళ్ళీ చదవండి, నాలుగోవంతు! నలుగురం కూర్చున్న మా టీ బల్లమీద ఒకడు లేకుండా పోవడమన్న మాట. ఆ కాలంలో ధాన్యం ఓడలెక్కి ఎగుమతి అవుతూనే ఉన్నది. కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర నిర్ణయించాడు. రాళ్ళు కొట్టి మోసేవాడికి అర కిలో లోపు గింజలు! దీనికి చరిత్రలో 'టెంపుల్ కూలి' అనే పేరు నిలిచిపోయింది. సాయం మరీ సులువుగా దొరికితే జనం సోమరులవుతారని, ఖజానాకు నష్టమని ఆయన భయం. పోయే ప్రాణం గురించి భయం లేదు.

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్ళుంటారని తెలుసు. "పండితుడివి, బ్రౌను దొరను కూడా తిడతావా?" అని. తిట్టను. తిడితే నా నోరు పుచ్చిపోతుంది. కడపలో ఉండి సొంత సొమ్ము పోసి, అప్పులు చేసి, పండితులను పోషించి, చెదలు తినిపోతున్న తాళపత్రాలకు ప్రాణం పోసిన మహానుభావుడు ఆయన. 1852లో వచ్చిన ఆయన నిఘంటువు ఈనాటికీ నా బల్లమీదనే ఉన్నది. మన్రోను కూడా తిట్టను. దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, ఇక్కడి శిస్తు మోయలేనిదని, నాలుగోవంతు తగ్గించాలని 1807లో పైవారికి రాసిన మనిషి. 1827లో మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు. గోదావరి జిల్లాలవారు కాటనును తలచుకుని దండం పెడితే నేనూ పెడతాను.

కానీ ఒక్క సంగతి గమనించండి. బ్రౌను అప్పులపాలైనాడంటే, ఆ పని ప్రభుత్వం ఖర్చుతో జరగలేదనే కదా అర్థం? మన్రో అడిగిన తగ్గింపును కంపెనీ ఆనాడు ఒప్పుకోలేదు. గోదావరిమీద ఆనకట్ట మొదలైన 1847వ సంవత్సరంలోనే కోయిలకుంట్లలో తల వేలాడింది. మంచి మనిషి ఒకడు దొరకడం అదృష్టం. అదృష్టాన్ని పరిపాలన అనరు. మంచి దొర వస్తే బతకడం, చెడ్డ దొర వస్తే చావడం, ఎవరు వస్తాడో నిర్ణయించే హక్కు మాత్రం మనకు లేకపోవడం, దానిపేరే దొరతనం. మంచి దొరల జాబితా ఎంత పెద్దదైతే మాత్రం ఆ లెక్క మారుతుందా?

ఇప్పుడు అసలు సంగతి. నా మిత్రుడికే కాదు, చదువుకున్న చాలామందికి కూడా తోచని సంగతి ఇది. మనం తలచుకుని తలచుకుని నిట్టూర్చే ఆ దొరలను ఇంగ్లండు ప్రజలే వదిలించుకున్నారు!

మన మనసులో ఇంగ్లండు అంటే హ్యాటు పెట్టుకుని గుర్రమెక్కిన కలెక్టరు. అక్కడి గనుల్లో బొగ్గు తవ్వినవాడు, మిల్లులో నూలు వడికినవాడు, పనిలేక పేదల శాలలో చేరి రాళ్ళు కొట్టినవాడు మన కంటికి ఎన్నడూ కనబడలేదు. 1834 నాటి పేదల చట్టం ప్రకారం అక్కడ సాయం కోరినవాణ్ణి ఒక శాలలో పెట్టి, ఆలుమగలను విడదీసి, అతి హీనమైన తిండి పెట్టి పని చేయించేవారు. సాయం కోరడానికే మనిషి సిగ్గుపడాలన్నది అందులోని సూత్రం. టెంపుల్ దొర మన కరువులో పాటించినది ఆ సూత్రాన్నే. దొర తన ఊళ్ళోని పేదవాడికి ఏది పెట్టాడో దానికన్నా ఇంకొంచెం తక్కువ మనకు పెట్టాడు, అంతే తేడా.

రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాలో ముగిసీ ముగియగానే 1945 జూలైలో అక్కడ ఎన్నికలు జరిగాయి. యుద్ధం గెలిపించిన చర్చిల్ అంతటివాణ్ణి జనం ఓడించారు. కృతఘ్నత కాదది. యుద్ధానికి నువ్వు సరే, ఇకమీదటి బతుకులకు నువ్వు కాదు అని చెప్పడం. 640 స్థానాల్లో లేబరు పార్టీకి 393 వచ్చాయి. అట్లీ ప్రధాని అయినాడు. ఆ మంత్రివర్గంలో ఎవరున్నారో చూడండి. విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్, పదకొండో ఏట బడి మానేసి కూలికి పోయినవాడు. ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవన్, పదమూడో ఏట బొగ్గు గనిలో దిగినవాడు. మనకు స్వాతంత్ర్యపు చట్టం చేసినది ఆ ప్రభుత్వమే. మన దేశంలో కాళ్ళమీద కాలు వేసుకుని కూర్చున్న దొర తన దేశంలో గనికూలివాడి ముందు లేచి నిలబడవలసి వచ్చింది.

1948 జూలై 5వ తేదీన రెండు పనులు ఒక్కరోజునే అమలులోకి వచ్చాయి. పాత పేదల చట్టం అంతరించింది. జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. వైద్యుడి దగ్గరికి పోవడానికి జేబు తడుముకోనవసరం లేదన్నారు. అప్పుడు ఆ దేశం డబ్బులో తులతూగుతున్నదా? లేదు. యుద్ధకాలంలో కూడా లేని రొట్టె రేషను 1946లో పెట్టి 1948 దాకా ఉంచారు. తిండి రేషను పూర్తిగా ఎత్తివేసింది 1954లో. అప్పుల్లో మునిగి, కూపన్లు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్న రోజుల్లోనే ఉచిత వైద్యం పెట్టుకున్నారు. డబ్బుంటే చేస్తామనే మాట మనం ఎన్నిసార్లు విన్నాము! ఆ ఆరోగ్య సేవను దశాబ్దాల తరబడి భుజాన మోసినవారిలో మన దేశపు వైద్యులు ఉన్నారు, మన తెలుగు వైద్యులు కూడా ఉన్నారు.

ఓటు సంగతి చూద్దాం. ప్రజాస్వామ్యానికి వాళ్ళు తాతలు, మనం మనుమలం అని బడిలో మనమే చెబుతూ ఉంటాము. నేనూ చెప్పాను. కానీ 1945 ఎన్నికలో కూడా అక్కడ విశ్వవిద్యాలయ పట్టభద్రుడికి రెండవ ఓటు ఉండేది. వ్యాపార స్థలం ఉన్నవాడికి అక్కడొక ఓటు, ఇంటిదగ్గర ఒక ఓటు. 1948 నాటి చట్టంతో అవి పోయినాయి. మనిషికి ఒక్కటే ఓటు అన్న సూత్రంమీద అక్కడ మొదటి సార్వత్రిక ఎన్నిక జరిగింది 1950 ఫిబ్రవరిలో. కోయిలకుంట్లలో? 1952లో! నడుమ ఉన్నది రెండే రెండేండ్లు. మా నాయన పక్కన మా పాలేరు, వాళ్ళ వెనుక ఊరి చివరి మాలపల్లె, మాదిగపల్లెల వాళ్ళు, కొంగు కప్పుకున్న ఆడవాళ్ళు, అందరికీ ఒక్కొక్క ఓటు. దొరల కాలంలో ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాడికే ఓటు. ఆనాటి మా ఊరి జనంలో ఎక్కువమందికి అవేవీ లేవు. "దొరల కాలమే నయం" అంటున్న నా మిత్రుడి తాతకు ఆ కాలంలో ఓటు ఉండేదేమో ఆయన్నే అడగాలి.

వంశాధికారం మాట. మన పల్లెల్లో రెడ్డి, కరణం పదవులు తండ్రి నుంచి కొడుకుకు పోయేవి. దానికి 1895లో మద్రాసులో చట్టం చేసి గట్టి ముద్ర వేసింది దొరలే. గ్రామాధికారాన్ని వంశం చూసి ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది మన తెలుగునాటి నుంచి పోయిన వ్యాజ్యమే. అయినా ఆచరణలో ఆ కుటుంబాల పట్టు సడలలేదు. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ పదవులనే రద్దు చేసింది. ఆనాడు ఎంత గగ్గోలు! కరణం లేకుంటే భూమి లెక్కలు ఎవరికి తెలుస్తాయని మా ఇండ్లలో కూడా అన్నారు. సరే, ఇంగ్లండులో పుట్టుకతో చట్టసభలో కూర్చునే ప్రభువుల హక్కును ఎప్పుడు తీశారు? 1999లో. అప్పుడు కూడా 92 మందిని ఉండనిచ్చారు. ఈ ఒక్క విషయంలో కోయిలకుంట్ల లండనుకన్నా పదిహేనేండ్లు ముందున్నది. ఎవరైనా ఈ మాట చెప్పుకుని మీసం దువ్వగా చూశారా? మనకు మన గొప్ప తెలియదు. మన తప్పు మాత్రం నోటి చివర ఉంటుంది.

ఉరికంబం మాట చెప్పకుండా ఈ ఊరివాణ్ణి ముందుకు పోలేను. అక్కడ ఆఖరి ఉరి 1964 ఆగస్టులో. హత్యానేరానికి ఉరిశిక్షను 1965లో నిలిపివేసి, 1969లో శాశ్వతంగా తీసివేశారు. మంచిదే. కానీ అంతకు కొద్దికాలం ముందే, 1950లలో, కెన్యాలో తిరగబడిన నల్లవాళ్ళను అదే ప్రభుత్వం వెయ్యిమందికి పైగా ఉరి తీసింది. ఇంటిలో కరుణ, పొలిమేర దాటితే కంబం. అంటే ఏమిటి? దొరతనం తనంతట తాను మారలేదు. ఓటున్నచోట మారింది, ఓటు లేనిచోట మారలేదు. మా నరసింహారెడ్డి తలకూ ఆ కెన్యా తలలకూ నడుమ వందేండ్లు గడిచాయి. దొర నేర్చుకున్నది ఏమీ లేదు.

ఇంగ్లండు స్వర్గమైపోయిందని నేను చెప్పడం లేదు. 1948లో వెస్టిండీసు నుంచి ఓడ దిగినవాళ్ళకు అద్దెకు ఇల్లు ఇవ్వని వీధులు అక్కడ ఉండేవి. 1965లో జాతి వివక్షకు వ్యతిరేకంగా చట్టం చేసి, ఇండ్లకూ ఉద్యోగాలకూ దాన్ని వర్తింపజేయడానికి 1968 దాకా ఆగారు. ఆ 1968లోనే ఇనాక్ పవెల్ అనే నాయకుడు వలస వచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా విషం కక్కుతూ ఉపన్యసించాడు. ఆరోగ్యమంత్రిగా ఉన్నరోజుల్లో వలస వైద్యులతో ఆసుపత్రులు నడిపించుకున్న మనిషే ఆయన! 1979లో వచ్చిన థాచరు కాలంలో కట్టినవి ఎన్నో కూలాయి. మా కరణాలు పోయిన 1984లోనే అక్కడి గనికార్మికుల సమ్మె మొదలై మరుసటి ఏడు ఓటమితో ముగిసింది. గెలుచుకున్నది నిలుపుకోవడం అక్కడ కూడా కష్టమే. అయితే ఇంతటి ఎత్తుపల్లాల్లో కూడా "పాత ప్రభువులే నయం, వాళ్ళకే అప్పగిద్దాం" అని వాళ్ళు అనలేదు. ఓడిన పార్టీని మార్చుకున్నారు. బిగించవలసినచోట బిగించారు. ఏ పార్టీ వచ్చినా ఆ ఆరోగ్య సేవను ఎత్తివేసే సాహసం చేయలేకపోయింది.

ఇప్పుడు మన సంగతి. ఎదుటివాణ్ణి అనేముందు మన ముంగిలి ఊడ్చుకోవాలి కదా.

ఈ సీమకు 1800లో నిజాము కంపెనీకి ధారాదత్తం చేసిన గుర్తుగా 'దత్తమండలాలు' అని పేరు పడింది. ఆ పేరు వద్దని 1928లో మన నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్న పేరు సూచించారు. ఒక మనిషిని దానం చేసినట్టు ఒక సీమను దానం చేసిన కాలమది. ఆ కాలంలోనే, 1908లో, పత్రికలో రాసిన వ్యాసానికి మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని రాజద్రోహమని జైల్లో వేశారు. ఈనాడు ఎవడైనా టీ అంగడిలో కూర్చుని "మనోళ్ళ రాజ్యం దండగ" అని గొంతెత్తి అనగలుగుతున్నాడంటే, అది మనోళ్ళ రాజ్యం కాబట్టే. దొరల రాజ్యంలో దొరల రాజ్యం దండగ అన్నవాళ్ళ గతి ఏమైందో పైనే చెప్పాను.

స్వరాజ్యం వచ్చిన తరువాత ఇక్కడ ఏమీ జరగలేదనేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను. పక్కనే ఉన్న బనగానపల్లె నవాబు సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది, 1956లో ఆ హోదా పోయింది. 1957లో కర్నూలుకు వైద్య కళాశాల వచ్చింది. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెసు ఊడ్చుకుపోతే, 42 స్థానాల్లో ఒక్క నంద్యాల మాత్రం జనతా అభ్యర్థిగా నిలిచిన నీలం సంజీవరెడ్డిగారిని గెలిపించి రాష్ట్రపతి భవనానికి సాగనంపింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో దేశంకన్నా ఇరవైయేండ్లు ముందే వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. ఇవన్నీ మామూలు సంగతులు కావు.

కానీ ఒక్కచోట మనం ఓడిపోయినాము. ఓటు వచ్చింది గానీ మన మనసులోని దొర పోలేదు. తెల్లవాడు ఖాళీ చేసిన కుర్చీలో మనవాణ్ణి కూర్చోబెట్టి వానికి కూడా దొర అనే దండం పెట్టాము. ఊరిని రెండుగా చీల్చుకుని, నీ పెద్ద ఎవరంటే నీ పెద్ద ఎవరని అడుక్కుని, పెద్దలకోసం పిన్నలు కత్తులు పట్టారు. బయటి ఊళ్ళవాళ్ళు సినిమాలలో చూసి ఈలలు వేసేది మాకు ఈల వేసే సంగతి కాదు. 1990లలో నేను పదో తరగతికి పద్యాలు చెప్పిన పిల్లవాడొకడు, గొంతు విప్పితే తరగతి నిశ్శబ్దమైపోయేది, ఇరవైరెండేండ్లకే ఎవరిదో కారు వెనుక జీపులో పోతూ చనిపోయినాడు. వాడికి సొంత పగ ఏదీ లేదు. వాడి పెద్దకు ఉన్నది. శవం ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ నన్ను పట్టుకుని "సార్, మీరన్నా చెప్పకపోతిరే వానికి" అన్నది. నేను వానికి ఛందస్సు చెప్పాను. సంధులు, సమాసాలు చెప్పాను. నీకు దొర అక్కరలేదురా అన్న ఒక్క మాట చెప్పలేదు. ఈ టపా రాయడానికి అసలు కారణం టీ అంగడి మాట కాదు, ఆ తల్లి మాట.

ఎందుకంటే, "దొరల కాలమే నయం" అన్న నిట్టూర్పు గడిచిన కాలం గురించి కాదు. అది రాబోయే కాలాన్ని గురించిన కోరిక. "గట్టివాడొకడు రావాలి, కొరడా పట్టుకుని అందరినీ చక్కచేయాలి" అన్నదే ఆ మాట తాత్పర్యం. ఆ కొరడా నా వీపుమీద పడదు, పక్కవాడి వీపుమీదనే పడుతుందని ప్రతివాడి నమ్మకం. గట్టి దొర కావాలని కోరుకున్న ప్రతి పల్లెకూ దొర దొరికాడు. ఆ పల్లె పిల్లలు జీపులెక్కారు. ఇంగ్లండు గనికూలివాడు 1945లో మంచి ప్రభువును కోరుకోలేదు. ఆసుపత్రి కోరుకున్నాడు, బడి కోరుకున్నాడు, ఇల్లు కోరుకున్నాడు. అవి దయతో కాక హక్కుగా కావాలన్నాడు. మనకూ వాళ్ళకూ తేడా అక్కడున్నది, తోలు రంగులో కాదు.

పండితుణ్ణి కనుక భాష గురించి రెండు ముక్కలు చెప్పనిదే మనసొప్పదు. దొరలు పోయినా దొరల భాషను నెత్తికెత్తుకున్నవాళ్ళు ఈ ముచ్చట తెలుసుకోవాలి. ఆ దేశంలోనే వేల్సు అనే ప్రాంతం ఉన్నది. బెవన్ ఆ ప్రాంతపువాడే. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ బడిలో తమ వెల్షు భాషలో మాట్లాడిన పిల్లవాడి మెడకు చెక్క ముక్క వేలాడదీసేవారు. యుద్ధం తరువాత వాళ్ళు ఆ సిగ్గు కడుక్కున్నారు. 1947లో లనెల్లి పట్టణంలో ప్రభుత్వ ఖర్చుతో వెల్షు మాధ్యమపు బడి తెరిచారు. 1967లో ఆ భాషకు కోర్టుల్లో, కార్యాలయాల్లో చట్టబద్ధమైన స్థానమిచ్చారు. మన అధికార భాషా చట్టం అంతకు ఒక ఏడు ముందు, 1966లోనే వచ్చింది. అయినా ఏమైంది? 2009లో మన పొరుగు కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీశారు! దొరలు చెత్తకుప్పలో పారవేసిన చెక్కముక్కను వెదికి తెచ్చి మన బిడ్డల మెడలో కట్టుకున్నాము. ఇంగ్లీషు నేర్వవద్దని నేను అనను, చక్కగా నేర్వండి. మెడలో పలక మాత్రం వద్దు. కోట గుమ్మంమీద వేలాడిన తలను చూసిన ఊరివాణ్ణి, వేలాడే వస్తువులంటే నాకు సహించదు.

చివరగా నా మిత్రుడి పాసుపుస్తకం సంగతి. ఆయన బాధ నిజం. ఏడుసార్లు తిప్పడం అన్యాయం, అందులో సందేహం లేదు. కానీ దానికి మందు దొర కాదు. దొరల కాలంలో కచ్చేరీలో తన కాగితం ఏమైందని అడిగే హక్కు రైతుకు లేదు. కాగితాలన్నీ రహస్యమని 1923లో చట్టం చేసిపెట్టింది వాళ్ళే. వాళ్ళ దేశంలోనే ప్రభుత్వ కాగితాలు చూపమని అడిగే హక్కు జనం చేతికి వచ్చింది 2005 జనవరిలో. మనకు సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది అదే ఏడు అక్టోబరు 12న. తొమ్మిది నెలల తేడా! తెల్ల కాగితంమీద, తెలుగులో, నా అర్జీ ఏ తేదీన ఎవరి బల్లమీద ఉన్నదో చెప్పండని అడిగితే ముప్పై రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. రుసుము పది రూపాయలకు మించదు. మూడు టీల ఖరీదు కూడా లేదు.

నిన్న సాయంకాలం ఆయనకు ఈ మాట చెప్పాను. "అట్లడిగితే ఆ సార్లకు కోపమొస్తాదేమో సార్" అన్నాడు. చూశారా, దొర ఎక్కడున్నాడో! రాజద్రోహం లేదు, కోట గుమ్మం లేదు, ఉరికంబం లేదు. అయినా డెబ్బై ఏండ్లకు దగ్గరపడ్డ స్వతంత్ర దేశపు పౌరుడికి ఒక గుమాస్తా కోపమంటే భయం. "అన్నా, వాళ్ళకు కోపమొస్తే నా పేరు చెప్పు. కాగితం నేను రాస్తాను, సంతకం నువ్వు చెయ్యి" అన్నాను. కాసేపు ఆలోచించి, "సరే, రాయండి చూద్దాం" అన్నాడు. ఆయన కొడుకును కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాను. ఆ పిల్లవాడు కూడా చూడాలి, అడగడం ఎట్లాగో నేర్వాలి.

రేపు ఉదయం మా అరుగుమీద కూర్చుని ఆ అర్జీ రాయబోతున్నాను. ముప్పై ఏండ్ల కింద ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది ఆలస్యంగా ఇచ్చుకుంటున్న జవాబు.

మీ ఇండ్లలోని పెద్దలు కూడా "దొరల కాలమే నయం" అంటున్నారేమో ఒక్కసారి అడిగి చూడండి. అంటే, ఆ కాలంలో వాళ్ళ ముత్తాత ఏమి తిన్నాడో, ఎంత శిస్తు కట్టాడో, ఎవరి ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడో కూడా అడగండి. తెలిసిన సంగతులు ఇక్కడ వ్యాఖ్యగా రాస్తే సంతోషిస్తాను. నాతో ఏకీభవించనివారు మరింత నిస్సంకోచంగా రాయవచ్చు. ఆ హక్కు దొరలు ఇచ్చినది కాదు.

స్వస్తి.